గౌస్యాబీకి నేను నేర్పిన కృతజ్ఞత

సంక్షేమ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. బీదర్‌లో ఈ పనిని మొదటి నుంచీ చూసినవాళ్ళలో ఇంకా మాట్లాడే ఓపిక ఉన్నది నాకేనని ఎవరో చెప్పి పంపుతారు. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "మేడమ్, మీ అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పండి" అంటారు. వాళ్ళు ఉత్సాహం కలిగే మాటల కోసం వస్తారు. నా దగ్గర మిగిలింది ఎక్కువగా సిగ్గు. అది విని పాపం ఇబ్బంది పడి, గడియారం చూసుకుని వెళ్ళిపోతారు. వెళ్ళిపోయేవాళ్ళకు సగంలో ఆపిన మాట పూర్తిగా చెప్పాలనిపించి రాస్తున్నాను.

నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఏ తాలూకాకు బదిలీ అయ్యాను, ఏ ఆఫీసరు నా మీద ఏం రాశాడు, ఇవన్నీ నాకే గుర్తులేవు. మీకెందుకు? ఉద్యోగం అంటే నాకు గుర్తున్నది కొందరు మనుషులు. వాళ్ళలో ఒకామె గురించి చెబితే చాలు, మిగతా అంతా అందులోనే ఉంది.

మా కేంద్రం

నిజాం మీద పోలీసు చర్య జరిగినప్పుడు నేను బళ్ళో చదువుకునే పిల్లని. ఉద్యోగంలో చేరేనాటికి ఆ మాట ఎత్తడమే జనం మానేశారు. కానీ ఆ రోజుల్లో ముస్లింల మీద పడ్డ దాడులకు పల్లెలు వదిలి బీదర్ వచ్చిపడిన ఆడవాళ్ళు మాత్రం ఇంకా ఇక్కడే ఉన్నారు. మొగుళ్ళు పోయారు, కొందరికి కొడుకులు కూడా పోయారు. సర్కారు వాళ్ళ కోసం ఒక పాత హవేలీలో కేంద్రం పెట్టింది. నేను అక్కడ నిర్వాహకురాలిని. ఫైళ్ళలో వాళ్ళను శరణార్థులు అని రాసేవాళ్ళం. వాళ్ళు మాత్రం తమను గురించి "ఇల్లు ఇడిసొచ్చినోళ్ళం" అనుకునేవాళ్ళు. ఇల్లు విడిచి వచ్చినవాళ్ళంటే ఇల్లు ఉన్నట్టే కదా. ఆ తేడా నా బుర్రకు ఎక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది.

గౌస్యాబీ నాకంటే పదేళ్ళయినా పెద్దది. పొడుగు మనిషి, గట్టి గొంతు. ఊరు మన్నళ్ళి దాటాక వస్తుంది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, అప్పటివాళ్ళ మనవలు ఇప్పుడక్కడ కాపురాలు చేసుకుంటున్నారు. ఆమె మొగుడు, మరిది ఇద్దరూ ఊరి బావి గడ్డ మీదే చనిపోయారు. చంపినవాళ్ళు బయటి ఊళ్ళవాళ్ళని అందరూ అంటారు. బయటివాళ్ళకు దారి చూపిందెవరో ఎవరూ అనరు. దానికి ముందు రజాకార్ల కాలంలో అదే ఊళ్ళో హిందువుల ఇళ్ళు కాలాయి. అది కూడా చెప్పకపోతే నేను సగం చెప్పినట్టే.

కేంద్రానికి కుట్టు మిషన్లు వచ్చాయి. గౌస్యాబీ మిషన్ ముందు కూర్చోనని మొండికేసింది. "నాకు ఇసుర్రాయి తెచ్చియ్యి శాంతమ్మ" అంది.

"పిండి గిర్నీలో పట్టించి ఇస్తున్నాం కదా, తిరగలి ఎందుకు?"

"పిండి కోసం అడిగిననా? ఇసురుకుంట పాడకపోతె నాకు మాట యాదికి రాదు."

మా సూపరింటెండెంటు గారు నవ్వారు. ముందుకు పోదామంటే వెనక్కి లాగుతున్నారన్నారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. వేళకు వచ్చేవాడు, ఆడవాళ్ళ వైపు తలెత్తి చూసేవాడు కాదు, రేషన్‌లో చేయి పెట్టలేదు. కాకపోతే ఎవరి మాటా చివరిదాకా వినేవాడు కాదు. ఈ శాఖలో ఆ ఒక్క లోపం ఉంటే మిగతా మంచితనమంతా ఏట్లో పిసికిన చింతపండే.

పాత బజారులో ఇసుర్రాయి ఒకటి దొరికితే నేనే తెప్పించాను. ఆ రోజు నుంచి తెల్లవారుతూనే హవేలీ అరుగు మీద పాట. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడిని పట్టుకుని తిప్పుతూ, ఒకరు ఎత్తుకుంటే ఒకరు అందుకుంటూ పాడేవాళ్ళు. ఊళ్ళల్లో హిందూ ముస్లిం తేడా లేకుండా ఆడవాళ్ళందరూ అలాగే విసిరేవాళ్ళు. పాటలో అత్త ఆరళ్ళుండేవి, పీరు మహిమ ఉండేది, చివర విసిరే మనిషి తన కష్టం ఒకటి కలిపేది. ఆ కలిపిన ముక్క రోజుకొక తీరుగా ఉండేది.

నేను విని మురిసిపోయాను. మురిసిపోయి ఊరుకుని ఉంటే బాగుండేది.

సాక్ష్యం చెప్పే పద్ధతి

మాది తరాలుగా బీదర్‌లో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబం. చిన్నప్పటి నుంచి ప్రార్థన కూడికల్లో సాక్ష్యాలు విని పెరిగాను. సాక్ష్యానికి ఒక నడక ఉంటుంది. లేచి నిలబడాలి. పడ్డ కష్టం చెప్పాలి. ఇక దిక్కులేదు అనుకున్న ఘడియ చెప్పాలి. అప్పుడు చేయూత ఎలా వచ్చిందో చెప్పి, చివర స్తోత్రం అని కూర్చోవాలి. అందరూ స్తోత్రం అంటారు. చెప్పినవాళ్ళ గుండె తేలికవుతుంది, విన్నవాళ్ళకు కూడా హాయిగా ఉంటుంది. దేవుడికి చెప్పుకునేటప్పుడు అది గొప్ప పద్ధతే, దాన్ని నేను ఇప్పటికీ తక్కువ చేయను.

కేంద్రం చూడటానికి మంత్రిగారు వస్తున్నారని కబురు వచ్చినప్పుడు నాకు తెలిసిన పద్ధతి ఆ ఒక్కటే. జిల్లాలో ఊళ్ళ శిస్తు వసూలు చేసే మాలీ పటేళ్ళందరినీ రమ్మన్నారు. మా సూపరింటెండెంటు గారు నన్ను పిలిచి, "శాంతమ్మా, వీళ్ళలో బాగా మాట్లాడే ఒకామెతో తన కథ చెప్పించు. ఏడుపు జర తక్కువ, షుక్రియా జర ఎక్కువ" అన్నారు.

నేను గౌస్యాబీని ఎంచుకున్నాను. ఆమె కథ అంతా కూర్చోబెట్టి విన్నాను. బావి, బావి పక్క చింతచెట్టు, ఎవరి పొలం పక్కన ఎవరి పొలం, మొహర్రం నెల కనబడితే పీర్ల ముందు నిప్పుల గుండానికి తవ్వే అలావా గుంటకు మొదటి గుద్దలి వేసే హక్కు తన మొగుడి ఇంటిది అని, అన్నీ చెప్పింది. దారి చూపినవాళ్ళ పేర్లు కూడా చెప్పింది. నేను పేర్లు తీసేశాను. పొలాలు తీసేశాను. గుద్దలి సంగతి మంత్రిగారికెందుకని అదీ తీసేశాను. మిగిలినదానికి సాక్ష్యం నడక పెట్టి, చివర ఇలా ముగించమన్నాను: "నాకు ఊరు లేదు, వాకిలి లేదు. సర్కారు వారి నీడే నా ఇల్లు. ఈ మేలు మరువను."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఊరు లేకపోవుడేంది? ఉన్నది గద, మన్నళ్ళి దాటితె."

"ఉంది కానీ, మాట వరసకు అంటాం."

"వరసకు అన్నా అబద్ధమే గదమ్మ."

"అబద్ధం కాదు గౌస్యాబీ. ఇచ్చినవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవడం. నువ్వు అలా చెబితే ఇక్కడున్న అందరికీ ఇంకో రెండేళ్ళు రేషన్ ఆగదు."

రేషన్ మాటకు ఆమె మెల్లగా తలూపింది. నేను దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను. అన్నం పెట్టే చేయి తన మాటకు వచ్చిన ప్రతి తలూపునూ ఒప్పుకోలు అనే అనుకుంటుంది. పిల్లలూ, ఇది రాసుకోండి.

మంత్రిగారు వచ్చిన రోజు ఆమె చక్కగా చెప్పింది. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగాలో నేను నేర్పినట్టే. ముందు వరసలో పెద్దపెద్దవాళ్ళు రుమాళ్ళు తీశారు. రెండో వరసలో గౌస్యాబీ ఊరి మాలీ పటేల్ కూడా కూర్చుని విన్నాడు. అందరికంటే శ్రద్ధగా విన్నది ఆయనే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"నీకు ఊరే లేదంటివి గద"

కొంతకాలానికి, సొంత ఊళ్ళకు తిరిగి పోతామన్నవాళ్ళకు ఇంటి జాగాలు ఇప్పించే పని మొదలైంది. తహసీల్దారు ఊరికి వచ్చి విచారించేవారు. ఈమె మా ఊరి మనిషే, ఫలానా జాగా వీళ్ళదే అని ఊరు చెబితే ఆ జాగాలో గుడిసె వేసుకోవచ్చు. ఓటర్లలో పేరు కూడా ఆ ఊళ్ళోనే చేరుతుంది. కేంద్రంలో చాలామంది భయపడి వద్దన్నారు. గౌస్యాబీ మాత్రం ఆ మాట విన్న రోజు నుంచి కాలు ఒకచోట నిలపలేదు.

"ఓటుదేముంది గౌస్యాబీ, ఇక్కడ బీదర్‌లోనే రాయించుకోవచ్చు" అన్నాను.

"ఈడ రాస్తె నేను శరణార్థినైత. ఆడ రాస్తె ఇమాంసాబ్ పెండ్లాన్నైత" అంది. ఇమాంసాబ్ ఆమె మొగుడు.

విచారణ రోజు నేను ఆమెతో వెళ్ళాను. చావడి ముందు తహసీల్దారు కుర్చీ. ఊళ్ళో మగవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. ఆమె జాగాలో అప్పటికే పటేల్ పశువుల కొట్టం లేచింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. పటేల్ చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు.

"సాబ్, ఈమె మీద మాకేం కోపం లేదు. కని మంత్రి సాబ్ ముందట, అందరు ఇంటుండంగ ఈమెనే చెప్పింది. నాకు ఊరు లేదు, వాకిలి లేదు, సర్కారు ఇల్లే నా ఇల్లు అని. నేను గీ చెవులతోని ఇన్న. అడుగుండ్రి."

తహసీల్దారు ఆమె వైపు తిరిగారు. "అన్నావా?"

గౌస్యాబీ ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడగడం మాత్రం ఉంది. ఆ మాట ఆమెది కాదు, నేను నేర్పాను అని అనడానికి ఎంతసేపు పడుతుంది? అంటే మంత్రిగారి సభలో చెప్పించిందంతా మేం వండి వడ్డించిందని తేలుతుంది. మా సూపరింటెండెంటు గారి పరువు పోతుంది, నా ఉద్యోగం పోతుంది. నేను నా చెప్పుల వైపు చూశాను.

"అన్న సాబ్" అంది ఆమె. నా పేరు ఎత్తలేదు.

తహసీల్దారు, ఊరు ఒప్పుకున్న రోజు మళ్ళీ రమ్మని లేచారు. తిరుగు దారిలో ఇద్దరం ఒకే బండి ఎక్కాం. క్షమించమని అందామనుకున్నాను, అది కూడా నా గుండె తేలిక చేసుకోవడానికే కదా అనిపించి ఆగాను. చివరకు ఆమే అంది.

"నువ్వు నేర్పిన మాట గా పటేల్‌కు కంఠతా వచ్చింది చూడు శాంతమ్మ. ఇగ నా మాట ఊరికి కంఠతా వచ్చేదాక పాడుత."

ఇసుర్రాయి దగ్గర

మర్నాటి నుంచి ఆమె అరుగు మీద పాడిన పాట వేరు. మొదట ఆమె ఒక్కతే పాడింది. తన ఊరి తొవ్వలన్నీ వరసగా పాటలోకి తెచ్చింది, ఊరి మొదట్లో ఉన్న కుమ్మరి ఆవం నుంచి చివరనున్న పీర్ల కొట్టం దాకా. ఎవరి వాకిట్లో ఏ చెట్టు, ఎవరి గోడకు పగులు, అన్నీ. ఆ పాట ఒకసారి విన్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఆ ఊళ్ళో నడవగలరు. ఊరు లేని మనిషికి అది ఎలా వస్తుంది?

రెండు మూడు రోజులకు ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు ఎవరి ఊరిని వాళ్ళు పాడటం మొదలుపెట్టారు. చిమ్కోడ్ వైపు నుంచి వచ్చినామె ఒకతె ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఆమె కూడా తన చేను గట్లు పాడింది. నేను గుమ్మం పక్కన నిలబడి వినేదాన్ని. నన్నెవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

కానీ గౌస్యాబీ పాట ఊరి తొవ్వలతో ఆగలేదు. ఒకరోజు అందులోకి చంద్రమ్మ వచ్చింది. చంద్రమ్మ ఆ ఊరి కాపు ఇంటి ఆడపడుచు, చిన్నప్పటి నుంచి గౌస్యాబీతో కలిసి విసిరిన మనిషి. రజాకార్లు కాల్చిన ఇళ్ళలో చంద్రమ్మ ఇల్లు మొదటిది. నేను రాసిన సాక్ష్యంలో గౌస్యాబీ ఉత్త బాధితురాలు. తన పాటలో ఆమె తనను కూడా వదల్లేదు.

*నీ ఇల్లు కాలిననాడు, నా తోటి చంద్రమ్మ,*
*కడవెత్తి రాలేదు, గడప నే దాటలేదు.*
*దర్వాజ ఎనకాల తలొంచి నిలుచుంటి.*
*గక్కడుంటి నేను, నువ్వెక్కడుంటివి?*

"ఇది ఎందుకు కలిపావు? పటేల్‌కు ఇంకో మాట దొరుకుతుంది" అన్నాను.

"నాది నేను చెప్పకపోతె ఆళ్ళది ఆళ్ళెట్ల చెప్తరు?" అంది, పిడి తిప్పడం ఆపకుండానే.

నెల కనబడ్డ సాయంత్రం

మా పల్లెల్లో పీర్ల పండుగ హిందువులు లేకుండా జరగదు. ఆ ఊళ్ళో చిత్రమేమిటంటే, ముస్లింలు ఒక్కరూ మిగలకపోయినా పండుగ ఆగలేదు. ఊరివాళ్ళు ఏటా పీర్ల కొట్టానికి సున్నం వేశారు, పీర్లను ఎత్తారు, నిప్పుల గుండం చుట్టూ ఆడారు, మొక్కులు తీర్చుకున్నారు. పీర్లు కావాలి, పీర్లు తెచ్చినవాళ్ళు అక్కర్లేదు. ఇమాంసాబ్ ఇంటివాళ్ళు వేయాల్సిన మొదటి గుద్దలి పటేల్ జీతగాడితో వేయిస్తున్నారు.

మొహర్రం నెల కనబడే రోజు ఊరికి పోతానని గౌస్యాబీ చెప్పింది. కేంద్రం నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్ళు బయలుదేరారు. సూపరింటెండెంటు గారు, "ఊళ్ళో గడ్‌బడ్ అయితది, ఎవరూ కదలొద్దు" అన్నారు. ఈసారి నేను ఆయన మాట వినలేదు. దీన్ని నా ధైర్యమనుకోకండి, అప్పటికి ఆమె ముఖం చూడలేకపోతున్నాను, అంతే.

మేం చేరేసరికి పొద్దు వాలింది. పీర్ల కొట్టం ముందు జనం పోగయ్యారు. నెలవంక కనబడగానే, ఇంకా వెలుతురు ఉండగానే గుంటకు మొదటి దెబ్బ పడాలి, అది ఆనవాయితీ. జీతగాడు గుద్దలి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గౌస్యాబీ జనంలోంచి తిన్నగా నడిచి, పాత గుంట పూడ్చిన చోట మధ్యలో కూర్చుంది. ఆమె లేవనిదే గుద్దలి పడదు. పీర్ల ముందు కూర్చున్న ఆడమనిషి మీద చేయి వేసే మగవాడు ఆ ఊళ్ళో లేడు. మిగతా నలుగురూ ఆమె చుట్టూ కూర్చున్నారు.

"ఏంది ఈ తమాషా?" అన్నాడు పటేల్.

గౌస్యాబీ రెండు చేతులూ ముందుకు చాచి, పిడి పట్టుకున్నట్టు తిప్పుతూ పాట ఎత్తుకుంది. కుమ్మరి ఆవం, చింతకింది బావి, బావికి రెండు చేదలు. ఒక్కో వాకిలి పేరు వచ్చినప్పుడల్లా ఆ వాకిలివాళ్ళు ఉలిక్కిపడి చూసుకున్నారు. కొందరు ముసలివాళ్ళకు పెదాలు కదిలాయి. తర్వాత చంద్రమ్మ ఇల్లు కాలిన చరణం వచ్చింది. ఆ తర్వాత బావి గడ్డ.

*బాయి గడ్డ మీద నా పెనిమిటి ఒరిగిననాడు*
*నీళ్ళడిగిన గొంతు ఏ వాకిట్ల ఇనబడె?*
*దర్వాజలెన్నుండె, ఎనక ఊపిరులెన్నుండె?*
*గక్కడుండె నావోడు, నువ్వెక్కడుంటివి?*

అక్కడ ఆపి మళ్ళీ అదే చరణం ఎత్తుకుంది. మళ్ళీ అదే. పైన నెలవంక కనబడింది. ఎవరూ పైకి చూడలేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక మనిషి కొంగు నోట్లో కుక్కుకుని ముందుకు వచ్చింది. చంద్రమ్మ అని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. వచ్చి గౌస్యాబీకి ఎదురుగా, ఇసుర్రాయికి అవతల కూర్చున్నట్టు కూర్చుంది.

"ఇంట్లనే ఉంటినే గౌస్యా. గడియ పెట్టుకోని ఉంటి. ఆయన నీళ్ళడుగుడు ఇన్న. ఇనుకుంటనే కూసున్న."

గౌస్యాబీ చేతులు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. అప్పుడు మగవాళ్ళలోంచి ఒక ముసలాయన, నేను చేన్ల దాక్కుంటి బిడ్డా అన్నాడు. ఇంకొకతను ఏదో అనబోయి తల దించుకుని కొట్టం వెనక్కి పోయాడు. అతను దారి చూపినవాళ్ళలో ఒకడేమో, నాకు తెలియదు.

"పాటలు పాడితె జాగ వస్తదా?" అన్నాడు పటేల్. గొంతులో మునుపటి మర్యాద లేదు.

చంద్రమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "జాగ సంగతి తహసీల్దార్ చూస్తడు పటేలా. ఊరి సంగతి మేం చెప్తం. ఈమె ఈ ఊరిదే. నా ఇసుర్రాయికి అవతలి చెయ్యి ఈమెది. తహసీల్దార్‌ను రమ్మను, చెప్త."

జీతగాడు పటేల్ వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూశాడు. వెలుగు పోతోంది. గుద్దలి గౌస్యాబీ చేతికిచ్చాడు. ఆడవాళ్ళు గుద్దలి వేసే ఆనవాయితీ లేదని ఎవరో గొణిగారు. "ఏసే మగోడు ఏడున్నడో మీకెరుకనే గద" అంది ఆమె. లేచి, కొంగు నడుముకు చుట్టి, మొదటి దెబ్బ వేసింది.

ఆ తర్వాత

తహసీల్దారు మళ్ళీ వచ్చారు. చంద్రమ్మతో పాటు ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పారు. జాగాలో సగం వచ్చింది. పశువుల కొట్టం ఉన్న సగం రాలేదు. పొలం అసలే రాలేదు. చంపినవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. ఇదంతా గెలుపని చెబితే అబద్ధం. కానీ ఆ తర్వాత వచ్చిన ఎలక్షన్‌లో ఆమె ఆ ఊరి బడిలో వరసలో నిలబడి, తన పేరు, మొగుడి పేరు గట్టిగా చెప్పి ఓటు వేసింది. పంచాయతీ చావడిలో బావి గురించి, పశువుల కొట్టం గురించి అడిగి అడిగి పటేల్‌ను విసిగించింది. మిగతా నలుగురిలో ఇద్దరు కూడా తమ ఊళ్ళకు పాట తీసుకుని పోయారు. ఒకామెను ఊరి పొలిమేరలోనే ఆపేశారు. పాట ఒక్కటే చాలని మీకెవరైనా చెబితే ఆమెను తలుచుకోండి.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది తక్కువ. నష్టపోయిన మనిషి తన కథ చెబుతుంటే అందులో మీకు ఇబ్బంది కలిగించే ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని తీసేయాలని చేయి దురద పెడుతుంది. ఆ ముక్క కోసమే ఆమె మొత్తం కథ చెబుతోంది. ఇప్పుడు మీ దగ్గర మైకులున్నాయి, వీడియోలున్నాయి. దాతల ముందు చెప్పించడానికి నాకంటే మంచి వేదికలున్నాయి. చివర చేతులు జోడించమని మాత్రం ఎవరికీ నేర్పకండి. జోడించాలనిపిస్తే వాళ్ళే జోడిస్తారు.

ఆ సాయంత్రం జరిగింది ఒకటి పైన రాయకుండా దాటేశాను. ఎందుకు దాటేశానో చదివితే తెలుస్తుంది.

మొదటి గుద్దలి పడ్డాక ఊరి ఆడవాళ్ళు షర్బత్ కలిపి తెచ్చారు. అందరూ గుంట చుట్టూ కూర్చున్నారు. ఎవరు ఆ రోజుల్లో ఎక్కడున్నారో ఒక్కొక్కరు చెప్పుకుంటున్నారు, మెల్లగా, పక్కవాళ్ళకు మాత్రమే వినబడేట్టు. నేను అలవాటు ప్రకారం కొంచెం దూరంగా, చూసిపోవడానికి వచ్చిన ఆఫీసరులా నిలబడ్డాను. గౌస్యాబీ నన్ను చూసింది.

"గట్ల దూరం నిలబడ్డవేంది శాంతమ్మ? వచ్చి కూసో. అందరి కత ఇంటవు, నీది ఎన్నడు చెప్పలె. నువ్వెక్కడుంటివి?"

"నేను చిన్నపిల్లని అక్కా, బీదర్‌లో" అన్నాను. ఆమెను అక్కా అని పిలవడం అదే మొదటిసారి.

"చిన్నదానివే. చెవులుండె గద."

ఉన్నాయి. ఆ రోజుల్లో మా ప్రార్థన కూడికల ఇంటి ఆవరణకు పెద్ద గేటు ఉండేది. ఊళ్ళో కొన్ని గేట్లు తెరుచుకున్నాయి, ఎంతోమందిని కాపాడాయి. మాది తెరుచుకోలేదు. ఒక సాయంత్రం బయట ఆడవాళ్ళు, పిల్లలు గేటు కొడుతూ పిలిచారు. మా నాయన భయస్థుడు, చెడ్డవాడు కాదు. మమ్మల్నందరినీ లోపల కూర్చోబెట్టి, పాట ఎత్తుకోమన్నాడు. ఎత్తుకున్నాం. గేటు చప్పుడు పెరిగితే, ఇంకా గట్టిగా పాడమన్నాడు. పాడాం. నాకు మంచి గొంతు ఉండేది, అందరికంటే గట్టిగా నేనే పాడాను. చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు ఆపలేదు.

ఆ గుంట పక్కన కూర్చుని, వాళ్ళందరి ముందు ఇదే చెప్పాను. చెప్పడం అయిపోయాక చిన్నప్పటి అలవాటు కొద్దీ స్తోత్రం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. గౌస్యక్క తన చేతిలోని షర్బత్ గిన్నె నా చేతికిచ్చి, పక్కనున్న ఆమె వైపు తిరిగి, "ఇగ నువ్వు చెప్పు" అంది.